పల్లకి వెనక వ్యాను

“మూత తీయకండి బాబాయ్! తీయకండి!”

షూచిన్ అరుపు టపాసుల మోతలో కలిసిపోయింది. మాజు అమ్మవారి పల్లకి అప్పటికే వంతెన దిగి పొలాల మధ్యకి వెళ్లిపోతోంది. దాని వెనకే మెల్లగా నడవాల్సిన చేతిబొమ్మల బృందం వ్యాను మాత్రం వంతెన నడిమధ్య ఆగిపోయి, ముందు జాలీలోంచి బుసబుసా ఆవిరి కక్కుతోంది. ఎండ నడినెత్తిన ఉంది. వెనక భక్తులు జెండాలు పట్టుకుని ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

షూచిన్ ఆ జనంలోంచి మోచేతులతో దారి చేసుకుంటూ పరిగెత్తింది. వ్యాను తలుపు బార్లా తెరిచి ఉంది. బొమ్మల బృందం నడిపే కువో మాస్టారు డ్రైవరు పక్క సీటుని వెనక్కి ఎత్తేశారు. ఆ కాలం వ్యానుల్లో ఇంజిను సీట్ల కిందే ఉంటుంది, రేడియేటర్ మూత కూడా అక్కడే. డెబ్బై ఏళ్ల మనిషి మెడలో తువ్వాలు తీసి కుడిచేతికి చుట్టుకోవడం, వంగడం ఆమెకి స్పష్టంగా కనిపించాయి. ఆ చెయ్యి మూత మీద పడింది. సగం తిరిగింది.

ఆ తర్వాత పేలింది టపాసు కాదు.

మూత ఎగిరి పైకప్పుకి కొట్టుకుంది. మరిగిన నీళ్లు స్తంభంలా లేచి ఆ చేతి మీద పడ్డాయి. మాస్టారు అరవలేదు. అరిచింది ఆయన భార్య సుయూన్.

షూచిన్ ఆయన నడుం పట్టుకుని బయటికి లాగి రోడ్డు మీద కూర్చోబెట్టింది. “నీళ్లు! తాగే నీళ్లు! ఎన్నుంటే అన్నీ తెండి!”

భక్తులకి పంచే నీళ్ల సీసాలు చేతులు మారుతూ వచ్చాయి. ఒక్కొక్కటీ మూత తీసి ఆ చేతి మీద వంచుతూనే ఉంది. తువ్వాలు లాగితే చర్మం కూడా వచ్చేస్తుంది. అందుకే తువ్వాలు మీదే పోసింది.

“చూపుడువేలు,” అన్నారు మాస్టారు, ఎవరో పక్కవాళ్ల సంగతి అడిగినట్టు. “చూపుడువేలు ఉందా అమ్మాయ్?”

“ఉంది బాబాయ్. అన్నీ ఉన్నాయి.”

చూపుడువేలు బొమ్మకి తల. బొటనవేలు ఒక చెయ్యి, నడిమివేలు ఇంకో చెయ్యి. ఆ మూడు వేళ్ల మీదే ఆయన జీవితమంతా రాజులు కొలువు తీరారు, దొంగలు గోడలు దూకారు, సన్యాసులు చచ్చిపోయారు. తువ్వాలు చివర బయటికి కనిపిస్తున్న ఆ వేళ్లు ఇప్పుడు ఉడికించిన రొయ్యల్లా ఉన్నాయి.

“నువ్వే చేశావు!” సుయూన్ ఆమె భుజం పట్టుకుని ఊపింది. “నిక్షేపంలాంటి ఇత్తడి రేడియేటర్ పీకేసి ఈ రేకు డబ్బా బిగించావు! నీ చెయ్యి పడకముందు నా మొగుడి చెయ్యి బాగానే ఉంది!”

“పిన్నీ, ముందు ఆయన్ని...”

“పిన్నీ గిన్నీ అనకు నన్ను!”

బృందంలో తాళాలు వాయించే అబియావ్ వ్యానుకి ఆనుకుని నిలబడ్డాడు. “నడక వేగంలో రోజంతా పోయినా వేడి చూపే సూది లేవదన్నావ్ కదక్కా? నిజమే. సూది లేవలేదు, మూత లేచింది.”

ఆ మాట షూచిన్ నిజంగానే అన్నది. వ్యాను తాళాలు మాస్టారి చేతిలో పెడుతూ, తన రేడియేటర్ షాపు ముందు పదిమంది వింటుండగా అన్నది. పల్లకి వెనక నడిచే బండికి ఎదురుగాలి తగలదు. ఇంజినుతో తిరిగే పాత ఫ్యాను ఆ వేగంలో ఈగల్ని కూడా తోలలేదు. అందుకే కొత్త అల్యూమినియం రేడియేటర్ పెట్టింది. దానికి రెండు కరెంటు ఫ్యాన్లు, నీళ్లు వేడెక్కగానే వాటిని తిప్పే హీట్ స్విచ్, మందపాటి గొట్టాలు. ఒక్కో బోల్టూ తన చేత్తోనే బిగించింది.

అంబులెన్సు వెళ్లిపోయింది. జనం వ్యానుకి చెరోపక్కనుంచి పల్లకి కోసం పరుగులు పెట్టారు. షూచిన్ జాలీ దగ్గర వంగింది. ఆవిరి పలచబడింది. ఇంజిను ఇంకా సలసలమంటోంది. తాళం ఆన్‌లోనే ఉంది. ఈపాటికి రెండు ఫ్యాన్లూ హోరెత్తిపోతూ ఉండాలి.

రెండూ కదలకుండా నిలబడి ఉన్నాయి.

*

వ్యానుని లాగించుకుని షాలున్ ఊరికి వచ్చేసరికి వార్త ఆమెకన్నా ముందే చేరిపోయింది. మార్కెట్ వీధిలో షాపు షట్టర్ ముందు టాక్సీ అతను నిలబడి ఉన్నాడు. అతని బండి రేడియేటర్ విప్పి బల్ల మీద ఉంది.

“అది అలాగే బిగించెయ్ అక్కా. తర్వాత చూసుకుందాం.”

“కారుతోంది కదా.”

“కారనీ. నీళ్లు పోసుకుంటూ తిరుగుతా.” అతను ఆమె మొహంలోకి చూడలేదు. “పిల్లలున్నోణ్ణి. ఏమనుకోకు.”

సాయంత్రానికి గుడి నుంచి కబురు వచ్చింది. అమ్మవారు యాత్ర ముగించుకుని గుడికి తిరిగొచ్చే రోజున లియావ్ షూచిన్ ఎర్రగుడ్డ కట్టి, టపాసుల దండ కాల్చి, అందరి ముందూ మోకరిల్లి తప్పు ఒప్పుకోవాలి. అమ్మవారు క్షమిస్తే సరే. క్షమించకపోతే, ఆమె చెయ్యి పడిన బండి ఏదీ ఇకమీదట ఊరేగింపులో నడవడానికి వీల్లేదు. షాలున్‌లో ఊరేగింపుకి పనికిరాని బండి పెళ్లికీ పనికిరాదు, చావుకీ పనికిరాదు. అలాంటి షాపుకి ఎవడూ రాడు.

“అయితే ఒప్పుకోవడమేగా?” అన్నాడు భర్త మింగ్‌హుయ్. గ్యాసు సిలిండర్లు దింపి వచ్చాడు. చేతులింకా మసిగానే ఉన్నాయి. “మోకాళ్ల మీద కూర్చో, తప్పైపోయిందను, లేచిరా. నా చేత రోజూ చెప్పిస్తావుగా, అంత కష్టమేం కాదు.”

“తప్పేంటో తెలియాలిగా.”

“భోంచేసి వెతుకు.”

“ఆయన వేలు వంగకపోతే?” షూచిన్ స్పానర్ పట్టుకున్న తన చేతినే చూసుకుంటోంది. “నేను ఎక్కడో ఒక వైరు వదులుగా వదిలేసి, దానివల్ల ఆయన వేలు వంగకుండా పోతే?”

మింగ్‌హుయ్ నూడుల్స్ గిన్నె బల్ల మీద పెట్టి, పైన పళ్లెం మూసి వెళ్లాడు.

ఆమె ముందుగా ఫ్యాన్ల తీగలు విప్పి నేరుగా బ్యాటరీకి కలిపింది. రెండూ ఒక్క ఊపున తిరిగాయి. జాలీ మీద అతికిన టపాసు కాగితాలు ఎగిరిపోయాయి. ఫ్యాన్లు మంచివే. ఫ్యాన్లకి కరెంటు అందించే రిలే విప్పి చూసింది. మంచిదే. ఇక మిగిలింది హీట్ స్విచ్. రేడియేటర్ అడుగునుంచి దాన్ని విప్పి, వంటింట్లో సూపు గిన్నెలో నీళ్లు మరగబెట్టి, తీగ కట్టి ముంచింది. బల్బు వెలిగింది. బయటికి తీస్తే ఆరింది. మళ్లీ ముంచింది. మళ్లీ వెలిగింది.

అన్నీ మంచివే. మరి వంతెన మీద ఎందుకు తిరగలేదు?

పొయ్యి ముందు నిలబడిపోయిన షూచిన్‌కి అప్పుడు కనిపించింది, స్విచ్ మొన చుట్టూ ఏదో తెల్లగా పట్టి ఉంది. మరిగే నీళ్లలో కరిగి కొంత గిన్నె అడుగున మడ్డిలా దిగింది.

షాపులోకి పరిగెత్తి రేడియేటర్ అడుగు బిరడా విప్పింది. తాను పోసింది ఇంజిన్ని చల్లబరిచే పచ్చటి కూలెంట్. కారింది బియ్యం కడిగిన నీళ్లు. కాసేపు కారి, ఆగి, మళ్లీ ఒక ముద్దగా జారిపడింది. ఆమె రంపం అందుకుంది. కొత్త రేడియేటర్. మొన్ననే తను పెట్టెలోంచి తీసి, దూది దుప్పటి మీద పడుకోబెట్టుకున్నది. పళ్లు బిగించి దాని అడుగున నీళ్లు చేరే తొట్టిని అడ్డంగా కోసింది.

లోపల బురద. బూడిదరంగు బురద. స్విచ్ మొన కూర్చునే చోటంతా మెత్తగా, దట్టంగా, గూడు కట్టినట్టు నిండిపోయి ఉంది. నీళ్లు మరిగిపోతున్నా ఆ గూట్లో ఉన్న స్విచ్‌కి సెగ తగల్లేదు. స్విచ్ తిప్పమనలేదు, ఫ్యాన్లు తిరగలేదు. పైన సన్నటి ట్యూబుల్లోకి సూది దూర్చి చూసింది. సగానికి పైగా మూసుకుపోయాయి.

ఎవరో కావాలని చేశారు. ఆ ఆలోచన రాగానే ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది. వెంటనే సిగ్గు కూడా వేసింది. ఎవరు? బైపాస్ రోడ్డు మీద కొత్త గ్యారేజీ వాడా? మాస్టారి తర్వాత ముఖ్యపాత్ర తనదే అనుకుంటున్న అబియావా?

గోడవారగా చూపు పోయింది. అక్కడ పాత ఇత్తడి రేడియేటర్ ఉంది. పాత సామాన్ల వాడికి ఇవ్వాలని పక్కన పడేసింది. ఎందుకో అనుమానం వచ్చి దాన్ని నేల మీద వంచి తట్టింది. ఎండిపోయిన పెచ్చులు రాలాయి. అదే బూడిదరంగు. పొరలు పొరలుగా ఏళ్ల తరబడి పేరుకున్నది. వ్యానులోంచి దింపిన రోజున ఇది చూసింది తను. ఉప్పునీటి ఊరు, గారపట్టిందిలే అనుకుంది. ఎక్కడిదని ఒక్క మాట అడగలేదు.

అంటే పగవాడి పని కాదు. పగవాడు ఏళ్ల తరబడి ఓపిగ్గా పోయడు. పాతదానికి ట్యూబులు లావు, మింగుతూ వచ్చింది. మింగీ మింగీ చివరికి మరగడం మొదలుపెట్టింది. అందుకే కదా మాస్టారు కొత్తది పెట్టమని తన దగ్గరికి వచ్చింది!

వేలికి అంటిన బురద ఆరింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చందనం వాసన.

పళ్లుకుట్టుకునే పుల్లతో ట్యూబు నోట్లోంచి ఏదో లాగింది. గోరంత కాగితం ముక్క. పసుపుపచ్చది. దాని మీద సిందూరంతో రాసిన గీత ఇంకా ఎర్రగానే ఉంది.

*

గుడి ఛైర్మన్ ఖో వంటశాల అరుగు మీద కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తున్నాడు. వెనక ఆడవాళ్లు యాత్రికుల కోసం పెద్ద గంగాళాల్లో అన్నం వారుస్తున్నారు. షూచిన్ కోసిన రేడియేటర్ ముక్కని పాతపేపర్లోంచి తీసి ఆయన ముందు పెట్టింది. కాగితం ముక్కని అరచేతిలో చూపించింది. చెప్పాల్సిందంతా గబగబా చెప్పింది.

ఖో వినడం అయ్యాక కూడా రెండు కాయలు ఒలిచాడు.

“అంటే, అమ్మవారి బూడిద మనిషి చెయ్యి కాల్చిందంటావు.”

“అమ్మవారు కాదు ఛైర్మన్‌గారూ. ఎవరో ధూపం బూడిద నీళ్లలో కలిపి రేడియేటర్‌లో పోశారు. గుడి రక్షరేకు కాగితం కాల్చిన మసి కూడా ఉంది. అది...”

“ఆ బూడిద తాగి మా అమ్మ తొంభై ఏళ్లు బతికింది. మనిషి కడుపుకి పడేది ఇనుప డబ్బాకి పడదా?”

“కడుపులో గొట్టాలు ఇంత సన్నగా ఉండవండీ.”

గంగాళం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఖో మొహం ఎర్రబడింది. పేపరు ఆయనే మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

“మీ నాన్న నాకు మంచి స్నేహితుడు. అందుకని చెబుతున్నా. రేడియేటర్ పాడైంది, చూసుకోలేదు, తప్పైపోయిందను. ఊరు రేపటికి మర్చిపోతుంది. బూడిద సంగతి ఎత్తావో, అమ్మవారి మీద నింద వేసిన మనిషివి అవుతావు. దానికి ఎర్రగుడ్డలు చాలవు తల్లీ.”

“నేను చెప్తే కదా నింద. పోసినవాళ్లే చెప్తే?”

“పోసినవాళ్లుంటే చెప్పనీ,” అన్నాడు ఖో, పొట్టు ఊదుకుంటూ. “నేనొద్దన్నానా?”

*

ఆసుపత్రి ఉన్న పట్నానికి స్కూటర్ మీద వెళ్తున్నంతసేపూ షూచిన్ ఒక్కటే లెక్క వేసుకుంది. రేడియేటర్ మూత సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తితే గానీ మూత కనపడదు. మాస్టారు బండి తోలతారు. ఆ పక్క సీట్లో ఎప్పుడూ కూర్చునేది ఒక్కరే. ఆ లెక్క తప్పైతే బాగుండునని కూడా అనుకుంది.

వార్డు తలుపు దగ్గరే కాళ్లు ఆగిపోయాయి.

మాస్టారు దిండుకి ఆనుకుని ఉన్నారు. కుడిచెయ్యి తెల్లటి కట్టుతో మూటలా గుండెల మీద ఉంది. ఎడమచెయ్యి దుప్పటి మీద ఉంది. దాని చూపుడువేలు తల ఊపుతోంది, బొటనవేలు దండం పెట్టబోతోంది, కుదరక నడిమివేలు మీద పడిపోతోంది. ఆయన మళ్లీ మొదలుపెడుతున్నారు. బొమ్మ మళ్లీ పడిపోతోంది.

మంచం పక్కన సుయూన్ ఎర్రకాగితం పొట్లం విప్పింది. ముందు కళ్లు మూసుకుని పెదాలతో చెప్పింది. అమ్మవారితో మాట్లాడేవాళ్లు ఎవరైనా మొదట చెప్పుకోవలసిందే, ఏ ఊరు, ఏ వీధి, ఎవరి పేరు. లేకపోతే అంతమంది బిడ్డల్లో ఆవిడకి ఎలా తెలుస్తుంది? తర్వాత పొట్లాన్ని ఫ్లాస్కు మూతలో వంచింది. బూడిద నీళ్ల మీద తేలి, మెల్లగా మునిగింది. చెంచా కాడతో మూడుసార్లు కలిపి, ఒక్కసారి ఊది, ఆయన నోటికి అందించింది. మాస్టారు చిన్నపిల్లాడిలా కళ్లు మూసుకుని తాగేశారు. ఫ్లాస్కు మూత అడుగున బూడిదరంగు మడ్డి మిగిలింది.

సుయూన్ తలెత్తింది. తలుపు దగ్గర షూచిన్ దేన్ని చూస్తోందో చూసింది.

వరండాలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. “దేనికొచ్చావ్? చూసి వెళ్లడానికా? డాక్టరు చెప్పాడు, చర్మం ముడుచుకుని అతుక్కుంటే వేలు వంగదట. విన్నావుగా, వెళ్లు.”

“పిన్నీ, వ్యానులో కూడా పోస్తారా? ఇలా?”

“పొయ్యనా మరి? ప్రతి ఏడూ బయల్దేరే రోజు పొద్దున్నే పోస్తా. ఆయన బొమ్మలకి దండం పెట్టుకునేలోపు నా పని అయిపోతుంది. అందుకే కదా ఇన్నేళ్లూ ఆ ముసలి బండి ఎక్కడా నిలబడిపోలేదు.” ఆ గొంతులో దాపరికం లేదు, గర్వమే ఉంది. “ఈసారి నీ పచ్చనీళ్లు నిండా ఉన్నాయి. గరిటె పెట్టి తోడి మరీ పోశాను.”

“ఎంత?”

“కొత్త డబ్బా కదా. అమ్మవారికి దాని మొహం తెలీదు. ఎప్పుడూ పోసేదానికి రెండింతలు...”

అక్కడ ఆగింది. షూచిన్ పేపరు విప్పి కోసిన ముక్కని చూపించింది, అంతే. సుయూన్ ఆ ట్యూబుల నోళ్లని చూసింది. అగ్గిపుల్ల కూడా దూరని నోళ్లు. వాటినిండా తను రోజూ చూసే రంగు. చెయ్యి చాపబోయి, వేడి తగిలినట్టు వెనక్కి లాక్కుంది.

ముక్క మీంచి చూపు తిప్పేసుకుంది.

“కాదు. అది నీ రేకు డబ్బా తప్పు. పాతదానికి ఏమీ కాలేదు.”

“పాతది దానివల్లే మరిగింది పిన్నీ. అది కూడా తట్టి చూశాను.”

“అమ్మవారు ఆయనకి కీడు చేస్తుందా? నా చేత్తో, ఆయనకి?” సుయూన్ గోడకి ఆనుకుంది. “ఎవరికైనా చెప్పుకో. ఎవరు నమ్ముతారో నేనూ చూస్తా.”

“నమ్మరు. అందుకే మీ దగ్గరికి వచ్చాను. మీరు చెప్తేనే నమ్ముతారు. ఎల్లుండి నన్ను మోకాళ్ల మీద కూర్చోబెడతారు. ఆ తర్వాత నా షాపు గడప తొక్కే మనిషి ఉండడు. నాకు చేతనయింది ఇదొక్క పనే పిన్నీ.”

లోపలినుంచి మాస్టారి గొంతు వినిపించింది. “ఎవరే అది? షూచినా? రమ్మను లోపలికి. ఎండన పడి వచ్చి ఉంటుంది.”

సుయూన్ రెండు చేతులూ జోడించింది. “ఆయనకి చెప్పకు. నన్ను కొట్టు, ఏమైనా చెయ్యి. తెలిస్తే ఆయన ఇంకోసారి నా చేత్తో నీళ్లు తాగరు.”

షూచిన్ లోపలికి వెళ్లింది. మాస్టారు ఎడమచేతి చూపుడువేలుతో ఆమెకి తల వంచి దండం పెట్టించారు. ఈసారి బొమ్మ పడలేదు.

“దిగులు పడకు అమ్మాయ్. ఆడే బండి అన్నాక ఎప్పుడో ఒకప్పుడు మరుగుతుంది. తొందరపడి మూత తీసింది నేను కదా?”

ఆయనకి చెప్పడానికి నోరు తెరిచింది. ఫ్లాస్కు మూత కడగడానికి వెళ్లిన సుయూన్ కుళాయి తిప్పడం మర్చిపోయి, అటు తిరిగి అలాగే నిలబడి ఉంది.

“వేలు ఆడిస్తూ ఉండండి బాబాయ్,” అంది షూచిన్. “వస్తాను.”

*

అమ్మవారు తిరిగి వచ్చారు. గుడి ముందు టపాసుల ఎర్రకాగితం చీలమండలదాకా లేచింది. పొగ పలచబడగానే జనం రెండుగా విడిపోయి మధ్యలో దారి వదిలారు. ఆ దారి చివర ధూపపాత్ర, దాని వెనక దీపాల వెలుగులో నల్లటి మొహంతో అమ్మవారు.

షూచిన్ నడిచింది. సంచిలో పేపరు మూట ఉంది. దేనికి తెచ్చుకుందో ఆమెకే తెలీదు. దాన్ని తీస్తే నింద, తీయకపోతే తప్పు. ఎటు చూసినా గోడే.

ఒక పక్కన బొమ్మలాట వేదిక సిద్ధంగా ఉంది. ముఖ్యబొమ్మని ఈ సాయంత్రం అబియావ్ ఆడిస్తాడట. వేదిక మెట్ల దగ్గర కుర్చీలో కువో మాస్టారు కూర్చున్నారు. ఆసుపత్రిలో ఉండమన్నా వినకుండా వచ్చారు. ఆయన మీద ఎండ పడకుండా గొడుగు పట్టుకుని సుయూన్ నిలబడింది. గొడుగు నీడ ఆమె మొహాన్ని దాచేసింది.

మింగ్‌హుయ్ ఎర్రగుడ్డని బల్లకి కట్టాడు. చేతులకి మసి లేదు. బాగా రుద్ది కడుక్కొచ్చినట్టున్నాడు. “త్వరగా కానిచ్చెయ్,” అన్నాడు పక్కకి జరుగుతూ. “ఇంట్లో సూపు చేశాను. గిన్నె రెండుసార్లు తోమాలే.”

ఖో ఆమె చేతిలో అమ్మవారి జవాబు కోసం నేల మీదకి వదిలే రెండు నెలవంక చెక్కలు పెట్టాడు. ఏళ్లుగా చేతులు పట్టి పట్టి నున్నబడ్డ ఎర్రచెక్కలు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అమ్మవారు ఒప్పుకున్నట్టు. రెండూ వెల్లకిలా పడితే నవ్వినట్టు. అంటే అడిగినదాంట్లో ఏదో తేడా ఉందని.

“చెప్పు.”

షూచిన్ మోకరిల్లింది. “నేను, షాలున్ ఊరు, మార్కెట్ వీధి, రేడియేటర్ షాపు లియావ్ షూచిన్‌ని.” అక్కడిదాకా సులువు. వెనక ఊరంతా ఊపిరి బిగబట్టి ఉంది. “నా పనిలో లోపం వల్ల కువో మాస్టారి చెయ్యి కాలింది. తప్పు ఒప్పుకుంటున్నాను. క్షమించు తల్లీ.”

చెక్కలు వదిలింది. గచ్చు మీద టకటకా దొర్లి ఆగాయి.

రెండూ వెల్లకిలా పడ్డాయి.

“నవ్వింది,” అన్నారు ఎవరో.

“సరిగ్గా చెప్పలేదేమో. మళ్లీ,” అన్నాడు ఖో.

ఆమె మళ్లీ చెప్పింది. ఊరు, వీధి, పేరు, తప్పు. ఈసారి గొంతు పెంచి చెప్పింది. చెక్కలు పడ్డాయి. ఒకటి గిర్రున తిరిగి తిరిగి రెండోదాని పక్కకి చేరి, వెల్లకిలా పడుకుంది.

జనంలో గుసగుస మొదలైంది. “మనసులో లేదు, అందుకే.” “ఇంకేదో దాస్తోంది.” “మీ నాన్న పరువు తీశావు కదే!” మింగ్‌హుయ్ ఒక అడుగు ముందుకి వేసి ఆగిపోయాడు. షూచిన్ చెమట పట్టిన అరచేతుల్ని లాగుకి తుడుచుకుంది. అడగడానికి మూడుసార్లే వీలు, ఇదే ఆఖరిది. చెక్కలు పట్టుకుంటే మొన్న వంతెన మీద ఆ తడి తువ్వాలు పట్టుకున్నట్టే ఉంది.

మూడోసారి చెప్పింది. మూడోసారి వదిలింది.

రెండు నెలవంకలూ కడుపులు ఆకాశానికి పెట్టి నవ్వాయి.

ఖో లేచి జనం వైపు తిరిగాడు. నిజంగానే ఇబ్బంది పడుతున్నాడు. నుదురు తుడుచుకున్నాడు. “అమ్మవారు ఈమె క్షమాపణ తీసుకోలేదు. అందరూ చూశారు. కాబట్టి ఇవాళ్టినుంచి మార్కెట్ వీధి రేడియేటర్ షాపులో...”

గొడుగు కింద పడిన చప్పుడైంది.

అది గచ్చు మీద దొర్లుకుంటూ వచ్చి ధూపపాత్రకి తగిలి ఆగింది. కుర్చీలో మాస్టారు ఎండకి కళ్లు చికిలించి, “ఏమే, ఎక్కడికి?” అన్నారు. సుయూన్ వినలేదు. టపాసు కాగితాల మీదుగా కాళ్లీడ్చుకుంటూ నడిచి వచ్చింది. ఆమె చూపు షూచిన్ మీద లేదు, ఖో మీద లేదు. నేల మీద నవ్వుతున్న చెక్కల మీదే ఉంది.

“ఈ పిల్ల మీద కాదు కోపం,” అంది ఆమె మెల్లగా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. “వేరేవాళ్ల తప్పు ఈ పిల్ల ఒప్పుకుంటుంటే ఆవిడ ఎలా తీసుకుంటుంది? ఎవర్ని పిలుస్తోందో నాకు తెలుసు.”

“వదినా, మీరు కూర్చోండి. ఎండలో...” అన్నాడు ఖో.

“నువ్వు జరుగు.”

సుయూన్ షూచిన్ పక్కనే, మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది. చెక్కలు రెండూ ఏరుకుంది. ఆ చేతులకి ఇంకా కాలిన గాయాల మందు వాసన ఉంది. షూచిన్ ఆ మణికట్టు పట్టుకుంది. ఆపడానికో, ఆసరాకో ఆమెకే తెలీదు. సుయూన్ విడిపించుకోలేదు. ఒక్కసారి మాత్రం వెనక్కి తిరిగి చూసింది. మాస్టారు కుర్చీలోంచి సగం లేచి ఉన్నారు. ఎడమచేతి వేళ్లు గాల్లో దేన్నో వెతుకుతున్నాయి.

ఆమె అమ్మవారి వైపు తిరిగి, ఆసుపత్రిలో రోజూ పెదాల మీదే చెప్పుకున్నదాన్ని ఈసారి గుడి బయటిదాకా వినపడేలా చెప్పింది.

“నేను షాలున్ ఊరు, ఉప్పుమళ్ల వీధి, చేతిబొమ్మల కువో థియన్‌ఫు పెళ్లాన్ని. రేడియేటర్‌లో బూడిద పోసింది నేను. ఏటేటా పోసింది నేను. ఈసారి రెండింతలు పోసి ఆయన చెయ్యి కాల్చింది నేను. నా పేరు జియాన్ సుయూన్.”